ఇంప్లాంటు జాయింటు: పైన షట్కోణమా, లోపల శంకువా?

రాగి సంగటి, నాటుకోడి పులుసు తినే కడపలో ఇంప్లాంటు (పోయిన పంటి వేరు బదులు దవడ ఎముకలో బిగించే మర) మీద కట్టిన దవడ పన్ను కింద కోడి ఎముక పడిందంటే, ఇంప్లాంటునూ దాని పై ముక్కనూ కలిపే జాయింటుకు పరీక్షే.

పాత రకంలో ఇంప్లాంటు తల మీద 0.7 మిల్లీమీటర్ల ఎత్తు షట్కోణం. అబట్‌మెంటు, అంటే కట్టుడు పన్నును మోసే పై ముక్క, దానిపై టోపీలా కూర్చుంటుంది. పక్కవాటు ఒత్తిడి ఎక్కువగా ఆ రెంటినీ బిగించే స్క్రూ మీదే పడుతుంది, నమిలేకొద్దీ అది వదులయ్యే అవకాశం ఎక్కువ.

శంకువు రకంలో అబట్‌మెంటు లోపలికి దిగి గోడలను బిగపట్టుకుంటుంది. స్క్రూకి ఊరట. బాక్టీరియా దూరే సందు బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒక పేచీ ఉంది: బిగించేకొద్దీ అబట్‌మెంటు కొన్ని మైక్రాన్లు కిందికి దిగుతుంది. ఒక్కోటి ఒక్కోలా దిగితే కలిపి చేసిన పళ్లు సరిగ్గా కూర్చోవు. అందుకే పళ్లన్నీ కలిపి వేసే బ్రిడ్జికి పాతదే సులువనేవాళ్లూ ఉన్నారు.

ఒంటి పన్నుకైతే నా ఓటు శంకువుకే. కాకపోతే చవగ్గా వచ్చిందని ఒక కంపెనీ ఇంప్లాంటుకు ఇంకో కంపెనీ అబట్‌మెంటు తగిలిస్తే, కోణం రవ్వంత తేడా వచ్చినా ఆ పట్టు రాదు.