సెమిలిగుడ విత్తన దుకాణం: నీలం చీటీ బస్తా కొనవచ్చు, ‘వైరస్ మందు’ వద్దు

ఒడిశాలోని కొరాపుట్ పీఠభూమి మీద వానాకాలపు బంగాళాదుంప వేసే తెలుగువారికి సెమిలిగుడ బజారులోని ఈ విత్తన దుకాణాన్ని కొన్ని షరతులతో సిఫారసు చేస్తాను. ఇక్కడ ప్రధానంగా దొరికేది కుఫ్రీ జ్యోతి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ నుంచి 1968లో విడుదలైన ఈ రకానికి లేట్ బ్లైట్‌ను (ఆకులనూ దుంపలనూ కుళ్లబెట్టే తెగులును) తట్టుకునే శక్తి మొదట్లో ఉన్నంతగా ఇప్పుడు లేదు. ధ్రువీకృత విత్తనానికి ఉండవలసిన నీలం చీటీ గల బస్తాలను, చీటీ లేనివాటితో కలపకుండా వేరే వరసలో పేర్చడం, చీటీ మీది వివరాలను తీరిగ్గా చదువుకోనివ్వడం ఈ దుకాణంలో నాకు నచ్చిన పద్ధతి.

చాలామంది దుంప సైజు చూసి బేరమాడతారు గాని, లోపల వైరస్ ఉన్నదీ లేనిదీ పైకి చూసి చెప్పడం సాధారణంగా కుదరదు. రసం పీల్చే చిన్న పురుగైన పేనుబంక మోసుకొచ్చే లీఫ్ రోల్, వై వైరస్‌లూ, కోత కత్తితో సైతం అంటుకునే ఎక్స్ వైరస్సూ విత్తనంలో దాగి వచ్చి, దిగుబడిని తగ్గించడమే గాక ఇతర తెగుళ్లకు మొక్క లొంగే తీరునూ మారుస్తాయి. లీఫ్ రోల్ సోకినప్పుడు ఆకులు తయారుచేసిన ఆహారం దుంపలకు దిగే దారి దెబ్బతిని, పిండిపదార్థం ఆకుల్లోనే పేరుకుంటుంది. ఇలా వైరస్‌తో నీరసించి వయసుకు ముందే ముదిరిన ఆకు మీద, వలయాలు వలయాలుగా మచ్చలు వేసే ఎర్లీ బ్లైట్‌కు చోటు సులువుగా దొరుకుతుంది. అప్పుడు మాంకోజెబ్ అనే తెగులు మందు కొట్టి మచ్చలను కొంత అదుపు చేయగలం గాని, మొక్కకు పోయిన సత్తువను తేలేము. లేట్ బ్లైట్ విషయంలో మాత్రం కథ తిరగబడుతుంది: వైరస్ సోకిన మొక్కల్లో అది కొంత తక్కువగా పాకినట్టు 1951 నాటికే ప్రయోగాల్లో గమనించారు. దీన్ని పట్టుకుని రోగపు విత్తనాన్ని సమర్థించేవారు ఉండరనే అనుకుంటాను. వైరస్ చేసే నష్టమే చాలినంత ఉంటుంది.

నా ప్రధాన ఆక్షేపణ విత్తనం మీద కాదు, దానితోపాటు గల్లాపెట్టె దగ్గర అంటగట్టే పురుగుమందు మీద. ఇమిడాక్లోప్రిడ్ సీసాను ‘వైరస్ మందు’ అని అమ్మడం సరికాదు, ఎందుకంటే సోకిన వైరస్‌ను పొలంలో నయం చేసే మందు లేదు. లీఫ్ రోల్‌ను అంటించడానికి పేనుబంక గంటల తరబడి రసం పీల్చాలి కనుక ఆ వైరస్ వ్యాప్తిని ఈ మందు కొంత ఆపవచ్చు. వై వైరస్‌కు క్షణాలు చాలు, మందు తాకి పురుగు చచ్చేలోపే పని అయిపోతుంది. అందుకే విత్తన క్షేత్రాల్లో నూరు ఆకులకు 20 పేనుబంకలు చేరకముందే, వైరస్ దుంపలోకి దిగకుండా, మొక్క పైభాగాన్ని కోసివేస్తారు. దుకాణదారు ఈ మాట చెబితే సీసాల అమ్మకం తగ్గుతుంది, నిజమే.

కోయకుండా నాటుకోవడానికి అనువైన 40–50 గ్రాముల దుంపలను విడిగా ఏరి ఇస్తారు. కత్తితో వచ్చే ఎక్స్ వైరస్‌నూ, బాక్టీరియా వాడు తెగులునూ తప్పించుకోవడానికి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా కాస్త ఎక్కువ ధర పెట్టవచ్చు. కాటా సరిగానే ఉంటుంది. తెలుగు, ఒడియా, స్థానికుల మాట అయిన దేశియా మూడింటిలోనూ ఓపికగా మాట్లాడతారు, రసీదు మాత్రం అడిగితేనే ఇస్తారు. మొలకెత్తని విత్తనం గురించి ఫిర్యాదు చేయాలంటే ఆ రసీదూ, బస్తా చీటీ రెండూ కావాలి.