పరిచయాల రౌండా, ఆటలా, జంట ముచ్చటా? ట్రైనింగ్ మొదట్లో ఏది మేలు?

పదింటికి ట్రైనింగ్ అని మెసేజ్ పెడతాం. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, మాదాపూర్‌లో దిగి హాలు వెతుక్కుంటూ వచ్చేసరికే మనిషి సగం అలిసిపోయి ఉంటారు. తెలిసిన మొహం కనిపిస్తే దాని పక్కన, లేకపోతే వెనక వరసలో గోడవారగా కూర్చుని ఫోన్ తీస్తారు. ఆ తర్వాతి పావుగంటలో మనం ఏం చేయిస్తామన్నదే ఆ రోజు ఎంతమంది నోరు విప్పుతారో తేలుస్తుంది. చాలా ఏళ్లుగా బ్యాంకు సిబ్బందికీ, టీచర్లకీ, మహిళా సంఘాలకీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకీ ట్రైనింగులు ఇస్తున్నాను కాబట్టి, అందరూ వాడే ఐస్‌బ్రేకర్లలో, అంటే మొదట్లో మొహమాటం పోగొట్టడానికి చేయించేవాటిలో, ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది మనుషుల్ని నలిపేస్తుందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అందరికీ అలవాటైనది పరిచయాల రౌండ్. పేరు, ఏ ఆఫీసు, ఎన్నేళ్ల సర్వీసు. 30 మంది ఉంటే మనిషికి నిమిషం చొప్పున అరగంట అనుకుంటాం, ముప్పావుగంట పడుతుంది, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరైనా ఉంటారు. టైమ్ పోతే పోయింది, అసలు నష్టం ఇంకోటి. తన వంతు దగ్గరపడుతున్న మనిషికి పక్కవాళ్ల మాట చెవికెక్కదు, తనేం చెప్పాలో లోపల వల్లె వేసుకుంటూ ఉంటారు. 1973లో మాల్కం బ్రెన్నర్ అనే పరిశోధకుడు కొందరిని కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత వంతుల వారీగా మాటలు పైకి చదివించి చూస్తే, తమ వంతుకి కాస్త ముందు పక్కవాళ్లు చదివినవే వాళ్లకి బాగా తక్కువ గుర్తున్నాయి. అంటే ఒకరినొకరు తెలుసుకోవాలని పెట్టిన రౌండ్‌లో, సరిగ్గా మన పక్కనున్న మనిషి పేరే మనకి దక్కకుండా పోతుంది.

హోదా సంగతి సరేసరి. సూపరింటెండెంట్ గారు లేచి గట్టిగా చెప్పాక, ఆ వెనకే లేచిన జూనియర్ అసిస్టెంట్ గొంతు ఎలా సన్నబడుతుందో చూస్తే బాధేస్తుంది. ఒక్కసారి అలా సన్నబడ్డ గొంతు సాయంత్రం దాకా పెరగదు. ఎనిమిది మంది లోపు ఉన్నప్పుడు మాత్రం రౌండే మంచిది, పది నిమిషాల్లో అయిపోతుంది, పేర్లూ గుర్తుంటాయి.

ఇక ఆటలు. ‘రెండు నిజాలు, ఒక అబద్ధం’ అందరికీ తెలుసు: మన గురించి మూడు సంగతులు చెప్తాం, అందులో ఏది అబద్ధమో మిగతావాళ్లు పట్టుకోవాలి. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లల బ్యాచ్‌లో ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. నేనూ చాలాసార్లు ఆడించాను, ఒక రోజు వరకు. ఆ రోజు ఒకావిడ తన మూడింటిలో “నాకిద్దరు పిల్లలు” అని కూడా చెప్పింది. హాలంతా అది నిజమేనని తేల్చేసింది. ఆవిడ నెమ్మదిగా “అదే అబద్ధం” అని కూర్చుంది. పదమూడేళ్లుగా పిల్లల కోసం తిరగని ఆస్పత్రి లేదట, లంచ్‌లో తనే చెప్పింది. ఎందుకలా చెప్పారని అడిగితే, “అందరూ నమ్మేలా చెప్పాలన్నారు కదా మేడమ్” అంది. తప్పు ఆవిడది కాదు, ఆ ఆటని ఆ హాల్లోకి తెచ్చిన నాది. ముక్కూ మొహం తెలియని ముప్ఫై మంది ముందు సొంత సంగతులు బయటపెట్టమనే ఏ ఆటనీ ఆ తర్వాత నేను పెట్టలేదు.

బింగో దానికంటే చాలా నయం. గళ్ల కాగితం మీద ‘రోజూ రెండు బస్సులు మారేవాళ్లు’, ‘ఇంట్లో మూడు భాషలు మాట్లాడేవాళ్లు’ లాంటివి రాసి ఇస్తే, ఒక్కో గడికి సరిపోయే మనిషిని వెతికి సంతకం పెట్టించుకోవాలి. ఆ వంకతో అందరూ లేచి తిరుగుతారు, ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా కాగితం తీసుకుని మధ్యలో కలిసిపోవచ్చు. కాకపోతే కాగితం ఏ భాషలో ఉందన్నది చూసుకోవాలి. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లలో ఉర్దూ తప్ప చదవనివాళ్లు ఉంటారు, సంఘాల్లో అసలు చదవడం రాని అక్కలు ఉంటారు. వాళ్ల చేతికి ఇంగ్లీషు కాగితం ఇచ్చామంటే, మొదటి పది నిమిషాల్లోనే ‘ఇది నీ చోటు కాదు’ అని చెప్పినట్టే. చేతులు పట్టుకుని ముడిపడి, ఆ ముడి విప్పుకునే ఆటైతే ఆడా మగా కలిసిన బ్యాచ్‌లో వద్దు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉన్నచోట అసలే వద్దు. 20 స్పగెట్టి (సన్నటి ఎండు పాస్తా) పుల్లలు, కాస్త టేపు, కాస్త దారం ఇచ్చి 18 నిమిషాల్లో పైన మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయి నిలబడేలా టవర్ కట్టమనే పోటీ ఉంది చూడండి, అది మంచి పాఠమే, టీమ్‌గా పని చేయడం గురించి చెప్పే రోజున పెట్టుకోవచ్చు. పరిచయం కోసం మాత్రం అంత హడావుడి అక్కర్లేదు. భోజనం తర్వాత నిద్ర ఆపడానికి చేయించే చప్పట్లు, గెంతులు వేరు, వాటిని ఎనర్జైజర్లు అంటారు. రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్లు హాల్లో ఉంటే అవీ మానేయండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట నేల మీది మ్యాప్. కుర్చీలు పక్కకు జరిపి, ఒక పొడుగాటి చున్నీని పడమర నుంచి తూర్పుకి పరిచి ఇది మూసీ అంటాను. దానికి దక్షిణంగా ఒక నీళ్ల సీసా పెడితే అది చార్మినార్, ఉత్తరంగా ఒక స్టీలు పళ్లెం పెడితే అది హుస్సేన్ సాగర్. ఇక ఈ పొద్దున ఎక్కడి నుంచి బయల్దేరారో అక్కడికి వెళ్లి నిలబడమంటాను. “ఉప్పల్ ఇటా అన్నా?”, “అరే, కూకట్‌పల్లి అంత దగ్గర కాదు, ఇంకా వెనక్కి పోవాలె” అని వాళ్లలో వాళ్లే సర్దుకుంటారు, మనం ఏమీ చెప్పక్కర్లేదు. అయిదు నిమిషాల పని. చదువు అక్కర్లేదు, ఏ భాషైనా పర్లేదు, సూపరింటెండెంట్ గారూ అటెండరూ ఇద్దరూ మౌలాలి నుంచే వచ్చినట్టు తేలితే పక్కపక్కనే నిలబడతారు.

ఒక్క జాగ్రత్త. “మీది ఏ ఊరు?” అని అడగకండి. మన దగ్గర సొంతూరి వెనకే ఇంటిపేరు, ఇంటిపేరు వెనకే కులం వస్తాయి, ఆ దారి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. పొద్దున ఎక్కడ బయల్దేరారన్నది చాలు.

అయితే మ్యాప్ మొహమాటం తీస్తుందే కానీ, వచ్చిన పనిలోకి దించదు. దించేది జంట ముచ్చట. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకే ప్రశ్న ఇవ్వాలి, అది ఆ రోజు సబ్జెక్టు మీదే ఉండాలి. కస్టమర్ ఫిర్యాదుల గురించి ట్రైనింగ్ అనుకోండి: “పోయిన నెలలో మీకు జవాబు చెప్పడం కష్టమైన ఫిర్యాదు ఏది?” 30 మందిలో ఒకేసారి 15 మంది మాట్లాడుతూ ఉంటారు, రౌండ్‌లో అయితే ఒకరు మాట్లాడితే 29 మంది వంతు కోసం కాచుకోవాలి. ఇద్దరి మధ్య చెప్పిన మాటని నలుగురిలో చెప్పడం తేలిక, నలుగురిలో చెప్పింది హాలు ముందు చెప్పడం ఇంకా తేలిక. దీన్నే పద్ధతిగా చేయాలంటే హెన్రీ లిప్మనోవిచ్, కీత్ మెక్‌కాండ్‌లెస్ ఇద్దరూ ప్రచారంలోకి తెచ్చిన లిబరేటింగ్ స్ట్రక్చర్స్ (గుంపులో అందరూ పాలుపంచుకునేలా చేసే పద్ధతులు)లో ‘వన్ టూ ఫోర్ ఆల్’ అని ఒకటుంది: ఒక నిమిషం ఎవరికి వారు ఆలోచన, రెండు నిమిషాలు జంటగా, నాలుగు నిమిషాలు నలుగురిగా, అయిదు నిమిషాలు అందరూ కలిసి. మొత్తం 12 నిమిషాలు.

దీనికీ లోపాలున్నాయి. స్వేచ్ఛగా వదిలేస్తే ఒకే ఆఫీసు వాళ్లు జంటకట్టి ఇంటి కబుర్లలో పడతారు, కొన్ని జంటల్లో ఒకరే మాట్లాడి రెండోవాళ్లు తలూపుతూ కూర్చుంటారు. అందుకే మ్యాప్ మీద ఎవరి పక్కన నిలబడ్డారో వాళ్లతోనే జంట కట్టిస్తాను, ఒకే ఆఫీసైతే ఆ అవతలి మనిషితో మారుస్తాను, నిమిషం కాగానే చప్పట్లు కొట్టి రెండోవాళ్ల వంతు అంటాను. ఒకరు మిగిలిపోతే ముగ్గురు కూర్చోవాలి, ఆ మిగిలినవాళ్లకి ట్రైనర్ జంటగా వెళ్లకూడదు. పావుగంట ఆలస్యంగా వచ్చినవాళ్లని అప్పటికి నడుస్తున్న నలుగురి గుంపులోకి పంపితే చాలు, ప్రత్యేకంగా లేచి క్షమాపణలు చెప్పుకునే అవస్థ ఉండదు.

రెండు గంటల సెషన్, అందరూ ఒకే ఆఫీసు, ఒకరికొకరు తెలుసు అంటే ఏ ఆటా వద్దు, జంట ప్రశ్నతో నేరుగా మొదలుపెట్టండి. నాలుగైదు రోజులు అక్కడే హాస్టల్లో ఉండి నేర్చుకునే కోర్సైతే, రాజేంద్రనగర్ వైపు సంస్థల్లో ఇలాంటివి ఎక్కువ, తొందరేమీ లేదు, బింగో మొదటి సాయంత్రం టీ దగ్గర పెట్టుకోవచ్చు. ఒక్కరోజు ట్రైనింగ్‌కి మాత్రం నా ఓటు మ్యాప్ అయిదు నిమిషాలు, జంట ముచ్చట పన్నెండు నిమిషాలు.

జంటలు చెప్పినవన్నీ చార్టు మీద వాళ్ల మాటల్లోనే రాసి గోడకి అంటించండి, ఇది వదలకండి. ఒక్కో సంగతి అయిపోయినప్పుడల్లా, జవాబు దొరికినదాని మీద దాన్ని చెప్పినవాళ్లనే పిలిచి టిక్ పెట్టించండి. మొన్నటి బ్యాచ్‌లో 14 రాశాం, సాయంత్రం నాలుగున్నరకి 11 టిక్కులు పడ్డాయి, మిగిలిన మూడు చూపించి “వీటి సంగతేంటి మేడమ్?” అని నిలదీసింది పొద్దున గోడవారగా ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అమ్మాయే.