గుల్ల ఒకటే, పేర్లు నాలుగు, రేట్లు నాలుగు

అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో నారగాన్సెట్ తీరాన ఓ చేపల కొట్టు. నా మార్కులు ఐదుకి మూడున్నర.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఐసు మీద నాలుగు గంపలు, నాలుగు బోర్డులు: లిటిల్‌నెక్, టాప్‌నెక్, చెర్రీస్టోన్, చౌడర్. నాలుగు రకాల గుల్లలు కాబోలనుకున్నా. చవగ్గా ఉన్నాయి, పైగా పెద్దవి కదా అని చెర్రీస్టోన్ రెండు డజన్లు తెచ్చి కారం దట్టించి వేయించా. చెప్పు తోలు నయం. మావారు మర్యాదకి రెండు నమిలి పెరుగన్నం కలుపుకున్నారు.

తర్వాత తెలిసింది, నాలుగూ ఒకే జాతి! వెనరిడే కుటుంబంలోని మెర్సెనేరియా మెర్సెనేరియా. ఇక్కడివాళ్ళు కోహాగ్ అంటారు. సైజు పెరిగేకొద్దీ పేరు మారుతుంది, కండ ముదురుతుంది, రేటు పడిపోతుంది. ముంజెల సంగతే అనుకోండి. చెర్రీస్టోన్‌కి చెర్రీతో సంబంధం లేదు, వర్జీనియాలో ఓ ఏరు పేరది. శాస్త్రీయనామం 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టాడు, కూలీ జీతం అనే అర్థమున్న లాటిన్ మాటతో. పెంకు లోపలి అంచున ఊదారంగు ఉంటుంది చూడండి, దాన్ని అరగదీసి ఇక్కడి ఆదివాసులు వాంపమ్ పూసలు చేసేవారు. వలస వచ్చినవాళ్ళు వాటిని డబ్బుగా చెలామణీ చేశారు. పక్కనే మరో గంపలో ఉన్న స్టీమర్లనే గుల్లలు మాత్రం వేరే కుటుంబం, పెంకు పల్చన, ఇసుక ఎక్కువ.

రెండోసారి లిటిల్‌నెక్ మూడు డజన్లు. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, రవ్వంత చింతపండు వేసి ఇగురు. ఉప్పు చిటికెడు కూడా వెయ్యలేదు, విచ్చుకునేటప్పుడు అవి వదిలే నీళ్ళే చాలు. మూత పెట్టిన ఐదారు నిమిషాలకి టక్కుటక్కుమని ఒక్కొక్కటే నోరు తెరిచాయి. లేత జీడిపప్పులా ఉంది కండ.

మార్కులు ఎక్కడ కోశానంటే, కొట్టువాడు బతికున్న గుల్లల్ని ప్లాస్టిక్ సంచిలో పోసి బిగించి ముడేశాడు. వాటికి గాలాడాలి కదా! ఇంటికొచ్చేసరికి ఏడు నోళ్ళు తెరుచుకున్నాయి, గోటితో తట్టినా మూసుకోలేదు. పారబోశా. మీరు వెళితే వల సంచి అడిగి తీసుకోండి. వేపుడుకో ఇగురుకో అని చెబితే ఏ సైజో వాళ్ళే చెబుతారు, కాకపోతే అడగాలి.

మా అత్తగారిది కాకినాడ. వీడియో కాల్‌లో గిన్నె చూపిస్తే, "సున్నం బట్టీకి తోలే గుల్లల్ని డాలర్లు పోసి కొన్నారటే?" అన్నారు. కాసేపాగి, "పెంకులు మాత్రం పారెయ్యకు," అన్నారు.