సైన్యంలో నేర్చిన వైద్యానికి అంబులెన్స్ లైసెన్సు: ఏ దారి మేలు?

అమెరికా సైన్యంలో మెడిక్‌గా పనిచేసి బయటికొచ్చిన వాళ్లను ఊళ్లో అంబులెన్స్ ఉద్యోగాల్లోకి ఎలా తీసుకోవాలన్నది అక్కడ ఏళ్ల తరబడి నలుగుతున్న విషయం. అందరితో పాటు మొదటి నుంచి కోర్సు చదివించవచ్చు. సర్వీసు కాగితాలు చూసి నేరుగా లైసెన్సు ఇవ్వవచ్చు. రానిది మాత్రమే నేర్పే బ్రిడ్జ్ కోర్సు పెట్టవచ్చు. లేదా సైన్యంలో ఉండగానే బయట చెల్లే సర్టిఫికెట్ తెప్పించవచ్చు. నా ఓటు చివరి దానికి. అంబులెన్స్ సిబ్బందిలో పై మెట్టయిన పారామెడిక్ స్థాయికి వెళ్లాలంటే మాత్రం బ్రిడ్జ్ కోర్సు కావాలి.

మొదటి దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అంబులెన్స్ పనిలో తొలి మెట్టయిన ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) కోర్సు సుమారు 150 గంటలు, పారామెడిక్ అయితే ఏడాది నుంచి రెండేళ్లు. వచ్చిన పనినే మళ్లీ ఫీజు కట్టి నేర్చుకోమంటే, పిల్లల్ని పోషించుకోవాల్సిన మనిషి వేరే ఉద్యోగం చూసుకుంటాడు. నష్టపోయేది ఆ ఊరే.

నేరుగా లైసెన్సు ఇవ్వడం వినడానికి న్యాయంగా ఉంటుంది. దేశం కోసం ప్రాణాలకు తెగించిన వాళ్లను ఇంకా పరీక్షించడమేమిటని మనసు అంటుంది. కానీ వాళ్లు ఏం నేర్చుకున్నారో చూడాలి. యుద్ధభూమిలో ముందు చూసేది రక్తస్రావం. రక్తం ఆగేలా టోర్నికే పట్టీ బిగించడం, ఛాతీలో చేరిన గాలిని సూదితో తీయడం, గాయపడిన వాడి ఒళ్లు చల్లబడకుండా కాపాడటం, ఇవన్నీ వాళ్లకు కొట్టిన పిండి. అయితే వాళ్ల పేషెంట్లలో ఎక్కువమంది వయసులో ఉన్న ఆరోగ్యవంతులు. ఊళ్లో అంబులెన్స్‌కు ఫోన్ వచ్చేది గుండె నొప్పితో చెమటలు పట్టిన పెద్దాయన కోసం, షుగర్ పడిపోయిన ఆవిడ కోసం, జ్వరంతో ఫిట్స్ వచ్చిన పసిబిడ్డ కోసం, దారిలోనే కాన్పయ్యేలా ఉన్న తల్లి కోసం. గౌరవం వేరు, లైసెన్సు వేరు. పైగా ఛాతీలో సూది గుచ్చడం లాంటివి బయట మామూలుగా ఈఎంటీని చేయనివ్వరు. అంటే ఆ మెడిక్‌కు కొన్ని విషయాల్లో అర్హత చాలదు, కొన్నింటిలో వచ్చిన పని చేసే అనుమతి ఉండదు.

ఉద్యోగంలో ఉండగానే సర్టిఫికెట్ ఇప్పించే పద్ధతిని అమెరికా ఆర్మీ 2001లో మొదలుపెట్టింది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ దగ్గర సుమారు 16 వారాల శిక్షణ ఉంటుంది. ముందు ఈఎంటీ పాఠాలు, బయట చెల్లే సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ రిజిస్ట్రీ పరీక్ష, ఆ తర్వాత యుద్ధ వైద్యం. రెండేళ్లకోసారి సర్టిఫికెట్‌ను రెన్యూవల్ చేయించుకోవాలి. నేవీ మాత్రం కోర్‌మన్‌లనే తన మెడిక్‌లందరికీ చాలాకాలం దీన్ని తప్పనిసరి చేయలేదు. ఒకే దేశం, దాదాపు ఒకే పని, బయటికొచ్చాక ఒకరికి చేతిలో సర్టిఫికెట్, ఇంకొకరికి సర్వీసు కాగితాలే. ఇది అన్యాయమనే నేనంటాను.

ఈ దారిలోనూ చిక్కులున్నాయి. జాతీయ సర్టిఫికెట్ ఉన్నా పని చేయడానికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. 2020లో అమల్లోకి వచ్చిన రాష్ట్రాల ఈఎంఎస్ (అత్యవసర వైద్య సేవల) ఒప్పందం దీన్ని కొంత తేలిక చేసింది. అందులో చేరిన రాష్ట్రాలు మాజీ సైనికుల దగ్గరున్న చెల్లుబాటయ్యే జాతీయ సర్టిఫికెట్‌నే కనీస శిక్షణకు, పరీక్షకు సరిపోయినట్టు చూడాలి, దరఖాస్తును త్వరగా తేల్చాలి. అన్ని రాష్ట్రాలూ ఇందులో చేరలేదు.

అయినా నన్ను ఈ వైపుకు లాగింది అఫ్గానిస్తాన్ అనుభవం. అక్కడ గాయపడిన వాళ్లను తెచ్చే ఆర్మీ హెలికాప్టర్లలో మామూలుగా ఈఎంటీ స్థాయి మెడిక్‌లే ఉండేవాళ్లు. కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ (రాష్ట్ర రిజర్వు దళం) యూనిట్ ఒకటి మాత్రం క్రిటికల్ కేర్ (ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల వైద్యం) శిక్షణ ఉన్న పారామెడిక్‌లతో వెళ్లింది. 2012లో అచ్చయిన అధ్యయనంలో 48 గంటల్లోపు మరణాలు మామూలు బృందాల దగ్గర 15 శాతం, ఈ యూనిట్ దగ్గర 8 శాతం అని తేలింది. తర్వాత ఫ్లైట్ మెడిక్‌లు పారామెడిక్‌లై ఉండాలని ఆర్మీ నిర్ణయించింది. కాబట్టి బయట చెల్లే చదువును రిటైరయ్యే వాడికి చేసే ఉపకారంగా చూడకూడదు. గాయపడ్డ సైనికుడికి అది ముందే అక్కరకొస్తుంది.

బ్రిడ్జ్ కోర్సుకు మంచి ఉదాహరణ పాతదే. 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ, డాక్టర్ పర్యవేక్షణలో వైద్యం చేసే ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు మొదలుపెట్టినప్పుడు మొదటి బ్యాచ్‌లో నలుగురు మాజీ నేవీ కోర్‌మన్‌లను తీసుకుంది. వాళ్ల అనుభవాన్ని పునాదిగా తీసుకుని, దాని మీద రెండేళ్ల చదువు కట్టింది. 1967లో ముగ్గురు పట్టా పుచ్చుకున్నారు. ఆ వృత్తి అలా పుట్టింది.

మన దగ్గర కూడా ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్లుగా చేసి, ఇంకా ఒంట్లో సత్తువ ఉండగానే తిరిగొచ్చే వాళ్లున్నారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108కు అలాంటి చేతులు కావాలి. అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును తన జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద ప్రమాణాలు రాసేవాళ్లు సైనిక శిక్షణను పాఠం పాఠంగా పోల్చి, కాన్పులు, పసిపిల్లలు, పక్షవాతం, గుండెపోటు వరకే కొత్తగా నేర్పి, 108 బండిలో కొన్ని వారాల డ్యూటీ వేసి పరీక్ష పెడితే చాలు. ఆ పరీక్ష రిటైర్మెంట్‌కు ముందే, జీతం వస్తుండగానే రాయించాలి.