ఉప్పుగాలిలో ఆరేళ్లు: నా పాయింట్ 22 పిస్టల్, దానికి నప్పిన తూటా

గంజాం జిల్లా బరంపురంలో ఉంటూ, పోటీల కోసం లైసెన్సు మీద తీసుకున్న పాయింట్ 22 లాంగ్ రైఫిల్ అనే రకం తూటా పేల్చే సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. ఇప్పటికి పదకొండు వేల తూటాలు దాటాయి. ప్రతి పెట్టె మీది లాట్ నంబరునూ (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు), పిస్టల్ మొరాయించిన ప్రతి సందర్భాన్నీ మొదటి నెల నుంచి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను కనుక, ఇక్కడ చెప్పేదంతా ఆ పుస్తకం చూసి చెబుతున్నదే.

గురి విషయంలో, ట్రిగ్గరు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను వేధించింది తూటా పేలకపోవడం. స్టాండర్డ్ పిస్టల్ పోటీలో చివరి వరుసలకు ఐదు తూటాలు కాల్చడానికి 10 సెకన్లే ఇస్తారు. ఆ మధ్యలో ఒక్కటి మొరాయించినా లయ చెదిరిపోతుంది. రెండో ఏడు వర్షాకాలంలో యాభై తూటాల పెట్టెకు మూడు నాలుగు చొప్పున పేలకపోతుంటే, లాట్ చెడ్డదని తీర్మానించుకుని మిగిలిన పెట్టెలన్నీ పక్కన పడేశాను. పర్లాకిమిడి నుంచి సాధనకు వచ్చే ఒక పెద్దాయన ఆ పేలని తూటాలను అరచేతిలో పోసుకుని చూసి, "బాబూ, అంచు మీద దెబ్బ చూశావా?" అని అడిగారు.

అప్పటిదాకా నేను చూడలేదు. రిమ్‌ఫైర్ తూటాలో అంటుకునే మందు అడుగు అంచు మడతలో ఉంటుంది. ఆ మందు ఒకచోట పలచబడి, అంచును కొట్టే పిన్ సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. అలాంటప్పుడు అంచు మీద లోతైన నొక్కు కనిపిస్తుంది, తప్పు తూటాది. నా తూటాల మీది నొక్కులు లోతు లేకుండా ఉన్నాయి. సీసపు గుండుకు పూసిన మైనం, మసి కలిసి ఛాంబరులో, అంటే తూటా కూర్చునే గదిలో, గట్టి వలయంలా పేరుకోవడంతో తూటా చివరిదాకా కూర్చోలేదు; పిన్ దెబ్బ బలమంతా దాన్ని ముందుకు నెట్టడానికే సరిపోయింది. ఇత్తడి బ్రష్షుతో ఛాంబరు శుభ్రం చేశాక, పక్కన పడేసిన ఆ తూటాలే చక్కగా పేలాయి. అప్పటి నుంచి మూడు వందల తూటాలకొకసారి ఛాంబరును, ఖాళీ గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టరు గోటి కిందను తప్పకుండా శుభ్రం చేస్తున్నాను. తూటా పేలకపోతే మాత్రం బారెల్‌ను లక్ష్యం వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగిన తరువాతే తెరవాలి, ఎందుకంటే మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

తూటా ఎంపికలో నా పిస్టల్‌కు స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) రకమే నప్పింది. సీసీఐ అనే అమెరికా కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ తూటాలో 40 గ్రెయిన్ల (దాదాపు 2.6 గ్రాముల) గుండు సెకనుకు 1070 అడుగుల వేగంతో వెళ్తుందని కంపెనీ చెబుతుంది. హై వెలాసిటీ తూటాలతో స్లయిడు (పేలినప్పుడల్లా వెనక్కి జరిగే పిస్టల్ పైభాగం) మరీ గట్టిగా వెనక్కి కొట్టుకుంటోందనిపించి, రెండు పెట్టెలతోనే ఆపేశాను. బాగా తక్కువ వేగం వాటితో ఖాళీ గుల్ల పూర్తిగా బయటికి రాక ఇరుక్కుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పైతూటా అంచు కింది తూటా అంచుకు వెనకపడకుండా చూడాలి, లేకపోతే రెండూ పెనవేసుకుని పైతూటా మూతి కిందికి వంగిపోతుంది.

పాయింట్ 22 మ్యాగ్నమ్ పిస్టల్ ఎందుకు తీసుకోలేదని మిత్రులు అడుగుతారు. ఈ పోటీల్లో దానికి అనుమతి లేదు. అదీగాక, 1959లో వచ్చిన ఆ తూటా గుల్ల పొడవు దాదాపు 27 మిల్లీమీటర్లు, నా తూటా గుల్లది పదహారుకు కాస్త తక్కువ. అమెరికా ప్రమాణాల్లో రెండింటికీ గరిష్ఠ పీడనం ఒకటే అయినా, మ్యాగ్నమ్‌లో గుండును తోసే మందు ఎక్కువ, పీడనం ఎక్కువసేపు నిలుస్తుంది. స్లయిడు తొందరపడి వెనక్కి వస్తే, ఇంకా ఛాంబరు గోడకు అతుక్కునే ఉన్న పలచని గుల్ల చిరగవచ్చు. అందుకే కెల్‌టెక్ పీఎంఆర్-30 అనే మ్యాగ్నమ్ పిస్టల్ ఛాంబరులో గాడులు పెట్టారు. అలాంటి పిస్టల్‌కు నప్పే తూటా దొరకడం నా దానికంటే కష్టమని నా నమ్మకం.

మే నెలలో మైనం మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది కనుక తూటాల పెట్టెను కారులో వదలను. గోపాలపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి బారెల్ తుప్పు పట్టకుండా, ఇంటికి రాగానే పలచగా నూనె పట్టించి, సిలికా జెల్ సంచులతో బీరువాలో పెట్టి తాళం వేస్తాను. పోయిన చలికాలంలో స్లయిడును తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగు మార్పించాను. ఆ తరువాత కాల్చిన వెయ్యి తూటాలలో రెండే పేలలేదు, ఆ రెండింటి అంచు మీదా నొక్కు లోతుగానే ఉంది.