నెస్ట్రాయ్ కోసం వియన్నాలో మూడు రోజులు

వియన్నాలో ఎక్కడ దిగాలని ఎవరడిగినా నెస్ట్రాయ్‌ప్లాట్జ్ చుట్టుపక్కల చూసుకోమంటాను. యూ1 మెట్రోలో ఊరి నడిబొడ్డున ఉన్న స్టెఫాన్స్‌ప్లాట్జ్‌కి రెండే స్టేషన్లు. మా అపార్ట్‌మెంట్‌తో మాత్రం జాగ్రత్తగా ఉండాల్సింది. తాళంచెవి పెట్టెకి ఇచ్చిన కోడ్ పనిచేయలేదు, ఓనరు ఫోనెత్తలేదు. ముప్పావు గంట మెట్ల మీద సూట్‌కేసులేసుకుని కూర్చున్నాం.

ఆ స్టేషన్ పేరు యోహాన్ నెస్ట్రాయ్‌ది (1801–1862). 1822లో ఒపేరా గాయకుడిగా మొదలై, హాస్యనటుడయ్యాడు, నాటకాలూ రాశాడు. 1833 నాటి 'లుంపాట్సివాగబుందుస్'లో తోకచుక్క వచ్చి లోకాన్ని ముంచేస్తుందని నమ్మే తాగుబోతు చెప్పులు కుట్టేవాడి వేషం ఆయనదే. ఈయన పొడుగు, సన్నం. పక్కన నటించే వెన్‌జెల్ షోల్జ్ లావు. ఆ జంటని తల్చుకుంటేనే నవ్వొస్తుంది.

ఆయన 1854 నుంచి 1860 దాకా నడిపిన కార్ల్ థియేటర్ ప్రాటర్‌స్ట్రాసేలోనే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి దెబ్బతింది, 1951లో కూల్చేశారు. ఇప్పుడక్కడ ఆఫీసు టవర్. అయిదు నిమిషాలు చాలు. అదే వీధిలో ఆయన కంచు విగ్రహం ఉంది, దాని దగ్గర కాసేపు ఆగండి.

థియేటర్ ఆన్ డెర్ వీన్ నయం. 1831లో వియన్నాకి తిరిగొచ్చి ఆయన చేరింది ఇక్కడే. మిల్యోకర్‌గాస్సే వైపు తిరిగితే పాత పాపగేనో గుమ్మం కనిపిస్తుంది, పైన మోజార్ట్ ఒపేరా 'మ్యాజిక్ ఫ్లూట్'లోని పక్షుల వేటగాడు పాపగేనో బొమ్మ. దానికి టికెట్ అక్కర్లేదు. ఆ రోజుల్లో స్క్రిప్టు ముందుగా సెన్సారుకి చూపించాలి. ఈయన స్టేజి ఎక్కాక సొంతంగా మాటలు కలిపేవాడు. ఒకసారి ఓ విమర్శకుణ్ణి స్టేజి మీద నుంచే దెప్పిపొడిచి అయిదు రోజులు జైల్లో గడిపాడు! కాగితం మీద లేని ఆ మాటలే నాకు వినాలనిపించింది, అవెక్కడ దొరుకుతాయి?

మూడో రోజు 71 నంబరు ట్రామ్‌లో సెంట్రల్ శ్మశానానికి వెళ్లాం. చనిపోయినవాళ్లని వియన్నావాళ్లు '71 ఎక్కాడు' అంటారు. రెండో గేటు దగ్గర దిగండి, ఒకటో గేటు దగ్గర దిగితే చాలా నడవాలి. కాగితం టికెట్ అయితే మెషిన్‌లో స్టాంప్ వేయించుకోవడం మర్చిపోకండి, జరిమానా గట్టిగా ఉంటుంది.

సమాధి బీతోవెన్, షూబర్ట్ ఉన్న 32ఏ విభాగంలోనే. అందరూ వాళ్ల దగ్గర ఫొటోలు దిగుతున్నారు, ఈయన దగ్గర మేమిద్దరమే. జీవితమంతా జనాన్ని నవ్వించిన మనిషికి చావు విషయంలో ఉన్న ఒకే భయం, ప్రాణంతో ఉండగానే పూడ్చేస్తారేమోనని. వీలునామాలోనూ ఆ మాట రాశాడు. మా ఆవిడ గేటు దగ్గర కొన్న పూలు అక్కడ పెట్టి, "గట్టిగా తట్టి చూడమంటావా?" అంది.