ఐరిష్ వాళ్లను తెలుసుకోవాలంటే ఏది మేలు: డబ్లినా, పడమటి ఊళ్లా, బెల్‌ఫాస్టా?

గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లకు ఐర్లాండ్ అనగానే ఒక్క సంగతి గుర్తొస్తుంది: మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు మూలం 1937 నాటి ఐర్లాండ్ రాజ్యాంగం. అక్కడితో ఆగిపోకుండా ఆ మనుషులను, వాళ్ల నేలను చూడాలనుకునే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చదువుకునే పిల్లల దగ్గరికి వారం పది రోజులకు వెళ్లే తల్లిదండ్రులు కొందరు, అక్కడే ఏళ్లుగా ఉంటూ డబ్లిన్ పొలిమేర దాటని ఉద్యోగులు కొందరు. ఉన్న కొద్ది రోజులూ ఎక్కడ గడపాలన్నదే వాళ్ల సందేహం.

నా ఓటు పడమటికి. తీరమంతా కారులో చుట్టి రావడం కాదు నేను చెప్పేది. ఒక చిన్న ఊళ్లో దిగి నాలుగైదు రోజులు అక్కడే ఉండాలి.

అలాగని డబ్లిన్‌ను తీసిపారేయలేం. దేశం ఎలా పుట్టిందో తెలియాలంటే కిల్మెయినమ్ జైలుకు వెళ్లాల్సిందే. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు ఆరు రోజుల్లో అణిగిపోయింది. నగరం ధ్వంసమైందని మొదట్లో డబ్లిన్ జనమే తిరుగుబాటుదారుల మీద మండిపడ్డారు. ఆ తర్వాత మే 3 నుంచి 12 లోగా బ్రిటిష్ వాళ్లు ఈ జైల్లో వాళ్లలో 14 మందిని కాల్చి చంపారు. తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన, గాయాలతో నిలబడలేని జేమ్స్ కానొలీని కుర్చీకి కట్టి కాల్చారు. దాంతో దేశం మనసు మారిపోయింది. ఆ రోజుల్లో అదే నగరంలో మన బరంపురం తెలుగు కుర్రాడు ఒకరు లా చదువుతున్నారు. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో 1916లోనే ఆయన్ను దేశం విడిచి వెళ్లమన్నారు. ఆయనే తర్వాత మన రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. కిల్మెయినమ్ పెరట్లో నిలబడితే ఆ సంగతి నాకు వేరేగా తగులుతుంది.

కిల్డేర్ వీధిలోని జాతీయ మ్యూజియంకు టికెట్ లేదు. వేల ఏళ్ల నాటి బంగారు నగలు, బురదనేలల్లో చెక్కుచెదరకుండా దొరికిన మనుషుల శరీరాలు అక్కడ ఉన్నాయి. ఒక పూట కేటాయించండి. పబ్‌లకు పేరున్న టెంపుల్ బార్ వైపు మాత్రం సాయంత్రమంతా పెట్టుకోవద్దు. అక్కడ మీకు తగిలేది ఎక్కువగా మీలాంటి పర్యాటకులే, ధరలూ ఎక్కువ. డబ్లిన్‌కున్న చిక్కే అది. చరిత్ర చేతికందుతుంది, మనిషి అందడు. ఎవరి పని వాళ్లది, ఎవరి బస్సు వాళ్లది. బస్సు దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవర్‌కు థాంక్స్ చెప్పి దిగడం మాత్రం గమనించండి.

ఇక పడమర. ఊరు ఏదంటే, మేయో కౌంటీలోని వెస్ట్‌పోర్ట్ అంటాను. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి మూడు గంటలకు కాస్త పైన, నేరుగా రైలు ఉంది. కారు లేకపోయినా ఇబ్బంది పడరు.

ఊరికి దగ్గర్లోనే క్రో పాట్రిక్ కొండ, 764 మీటర్ల ఎత్తు. ఏటా జులై ఆఖరి ఆదివారం వేలమంది భక్తితో ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. అలిపిరి మెట్లెక్కిన వాళ్లకు ఆ ముఖాల్లో అలసటా తృప్తీ కొత్తగా అనిపించవు. కొండ కిందే మరిస్క్‌లో జాతీయ కరువు స్మారకం ఉంది: కంచుతో చేసిన ఓడ, దాని చుట్టూ తాళ్లలా అల్లుకున్న అస్థిపంజరాలు. వలస ఓడల్లో చనిపోయినవాళ్ల గుర్తుగా పెట్టారు.

ఆ కరువు తెలియకుండా ఐరిష్ వాళ్లు అర్థం కారు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేదవాడికి అదొక్కటే తిండి. పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షలకు పైగా దేశం వదిలారు. అదే సమయంలో ధాన్యం, పశువులు రేవుల నుంచి ఇంగ్లండ్‌కు వెళుతూనే ఉన్నాయి. గుంటూరు సీమ 1832–33లో కంపెనీ పాలన కింద చూసిన డొక్కల కరువు కథలు విన్నవాళ్లకు ఇది పరాయి కథ కాదు. 1841లో ద్వీపం మొత్తం జనాభా 80 లక్షల పైమాటే. ఆ సంఖ్యను ఐర్లాండ్ ఇప్పటికీ తిరిగి అందుకోలేదు. డబ్లిన్‌లోనూ కరువు విగ్రహాలున్నాయి, చూడదగ్గవే. అయితే పడమటి కొండవాలుల మీద సాయంత్రపు ఏటవాలు వెలుగులో పచ్చిక కింద బోదెలు కనిపిస్తాయి. అవి బంగాళాదుంప వేసిన బోదెలు. నాటినవాళ్లు పోయాక వాటిని మళ్లీ ఎవరూ దున్నలేదు. ఏ మ్యూజియమూ నాకు అంత చెప్పలేదు.

వీలైతే ఒక రోజు టాక్సీ మాట్లాడుకుని డూలోక్ లోయకు వెళ్లండి. 1849 మార్చిలో, సాయం అందాలంటే ఫలానా చోటికి వచ్చి హాజరు వేయించుకోవాలని అధికారులు హుకుం చేస్తే, ఆకలితో ఉన్న జనం చలిలో మైళ్లకొద్దీ నడిచారు. ఎందరో దారిలోనే కూలిపోయారు. అక్కడున్న రాతి శిలువ మీద గాంధీ మాటలు చెక్కి ఉన్నాయి, సాటి మనుషులను అవమానించడంలో గౌరవం ఎలా చూసుకుంటారని.

మనుషుల సంగతికొస్తే, మన మొహమాటం అచ్చంగా వాళ్లలోనూ ఉంది. ఇంటికెళితే టీ తాగమంటారు. మొదటిసారి వద్దనాలి, రెండోసారి ఫర్వాలేదనాలి, మూడోసారికి పుచ్చుకోవాలి. మనసులో మాట సూటిగా చెప్పరు, వాతావరణంతో మొదలుపెట్టి చుట్టూ తిరిగి వస్తారు. పల్లె దారుల్లో ఎదురొచ్చే కారు డ్రైవర్ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు, ముఖపరిచయం లేకపోయినా. ఎవరైనా పోతే పరామర్శకు ఊరంతా కదులుతుంది, శవాన్ని ఇంట్లోనే ఉంచి రాత్రంతా మేలుకుని కబుర్లు చెప్పుకుంటారు.

పబ్‌లో సంగీతానికి వెళ్లండి, మందు తాగకపోయినా టీ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వాయించేవాళ్లు మనవైపు కాదు, ఒకరికొకరు ఎదురుగా బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరైనా పాట ఎత్తుకుంటే గదంతా సద్దుమణుగుతుంది. పాడినవాళ్లకే తర్వాత ఎవరు పాడాలో పిలిచే హక్కు ఉంటుంది.

ఐరిష్ భాష వినాలంటే, ఆ భాష ఇంకా వాడుకలో ఉన్న గేల్టాక్ట్ అనే ప్రాంతాలకు వెళ్లాలి. గాల్వే నుంచి స్పిడల్‌కు బస్సులో పోవచ్చు. 2022 జనగణనలో 18 లక్షల మందికి పైగా ఐరిష్ వచ్చన్నారు, కానీ బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేల దగ్గరే ఆగిపోయారు. ఆ భాషలో అవునుకూ కాదుకూ విడి మాటల్లేవు. ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అనే జవాబు. మనమూ ఇంట్లో అంతేగా.

బెల్‌ఫాస్ట్ నా లెక్కలో మూడోది. కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్‌కూ ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్‌కూ మధ్య గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. మూడు దశాబ్దాల హింసలో 3,500 మంది దాకా చనిపోయారు, 1998 ఏప్రిల్ 10 ఒప్పందంతో అది చాలావరకు ఆగింది. ఈ గొడవ ముందూ వెనకా చదవకుండా వెళితే గోడ మీద బొమ్మలు చూసి వచ్చేయడమే అవుతుంది. పైగా అది బ్రిటన్ పాలనలోని నేల. సరిహద్దులో ఎవరూ ఆపరు కదా అని వెళ్లకండి, వీసా కావాలి. ఇండియా నుంచి పర్యాటక వీసా మీద వెళ్లేవాళ్లు దాని మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని ఉందేమో చూసుకోండి, ఉంటే రెండు చోట్లకూ చెల్లుతుంది. ఐర్లాండ్‌లో చదువుకునే పిల్లలకు మాత్రం బ్రిటన్ వీసా వేరేగా తీసుకోవాల్సిందే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 2025లో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగాయి, ఆగస్టులో మన రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పింది. రాత్రిపూట ఒంటరిగా నిర్మానుష్యమైన వీధుల్లో తిరగకండి. పిల్లలకూ చెప్పండి.

వారం ఉంటే డబ్లిన్‌కు రెండు రోజులు, మిగతావి వెస్ట్‌పోర్ట్‌కు. పది రోజులుంటే, వీసా చేతిలో ఉంటే, చివర్లో బెల్‌ఫాస్ట్‌కు రెండు రోజులు కలపండి, డబ్లిన్ నుంచి రైల్లో రెండు గంటలు. వర్షం ఏ నెలలోనైనా పడుతుంది. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు పట్టుకెళ్లండి.